నల్లార్‌బర్ మీదుగా క్యాంపర్ ట్రైలర్ ప్రయాణం: బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

జూలై స్కూలు సెలవుల్లో కారుకి క్యాంపర్ ట్రైలర్ (తెరిస్తే గుడారమయ్యే బండి) తగిలించుకుని, ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న నల్లార్‌బర్ మైదానం మీదుగా మెల్‌బోర్న్ నుంచి పెర్త్ దాకా పోదామనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. రోజుకి మూడు వందల కిలోమీటర్లకి మించి పెట్టుకోకండి. అలా అయితే రెండు వారాల్లో పెర్త్ వెళ్లి రావడం కుదరదు కదా అంటారు, నిజమే, కుదరదు. ఆఫీసులో సెలవు పెంచుకోండి, లేదంటే దారి మధ్యలో సముద్రతీరాన ఉన్న హెడ్ ఆఫ్ బైట్ దాకా వెళ్లి తిమింగలాలని చూసి వెనక్కి వచ్చేయండి. పిల్లలకి అదే ఎక్కువ ఆనందం. చలికాలంలో (అక్కడ జూలై చలికాలమే) సదరన్ రైట్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి అక్కడికే వస్తాయి, కొండ అంచున కట్టిన నడక బల్లల మీద నిలబడితే తల్లీపిల్లా పక్కపక్కనే ఈదుతూ కనిపిస్తాయి. ఒక పూట మొత్తం కేటాయించండి.

దూరం తగ్గించమనడానికి అసలు కారణం చీకటి. ఆ రోజుల్లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, కంగారూలు రోడ్డు మీదికి వచ్చేదీ సరిగ్గా అప్పుడే. వాంబాట్లు (బొరియల్లో ఉండే పొట్టి, బలిసిన జంతువులు), ఒంటెలు కూడా ఉంటాయి. నాలుగింటికల్లా ఆగిపోతే ఆ టెన్షన్ ఉండదు, వెలుతురు ఉండగానే గుడారం వేసుకోవచ్చు.

గుడారం సంగతే ఎక్కువ విసిగిస్తుంది. నల్లార్‌బర్ మైదానంలో గాలిని ఆపడానికి చెట్టన్నది ఉండదు, నేలంతా సున్నపురాయి. ట్రైలర్‌తో ఇచ్చే సన్న మేకులు ఆ రాతిలో వంగిపోతాయి, కాబట్టి లావుపాటి ఉక్కు మేకులు, బరువైన సుత్తి కొనుక్కోండి. గుడారం తెరిచే ముందు ట్రైలర్ ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలుపుకోండి. కొత్త కాన్వాస్ అయితే ఇంటి పెరట్లోనే వేసి, పైపుతో రెండు మూడుసార్లు తడిపి పూర్తిగా ఆరనివ్వండి. కుట్టు దారం ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి, లేకపోతే మొదటి వాన రాత్రే పరుపు తడుస్తుంది. పొద్దున్నే మంచుకి తడిసిన కాన్వాస్‌ని అలాగే మడిచారా, రెండు మూడు రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది, ఆ మచ్చలు మళ్లీ పోవు. అది ఆరేదాకా ఆగాలి, పదైనా పదకొండైనా సరే. ఈలోగా ఇంకోసారి టీ పెట్టుకోండి, పక్క ట్రైలర్‌లో ఉన్న రిటైరైన దంపతులతో మాట కలపండి, ముందున్న దారిలో ఎక్కడ ఆగాలో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఇష్టమైన సమయం అదే.

ఇక బండి. బరువైన సామానంతా ఇరుసు మీదికి వచ్చేలా సర్దండి. ట్రైలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు టో బాల్ (ట్రైలర్ తగిలించే గుండు) మీద పడాలి, వెనక బరువెక్కువైతే రోడ్ ట్రెయిన్ (రెండు మూడు ట్రైలర్లు లాగే పెద్ద లారీ) పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ట్రైలర్ పాములా ఊగుతుంది. ఊగితే కారు బ్రేకు గట్టిగా తొక్కకండి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే వాటిని మాత్రం చేత్తో కొద్దిగా వేయండి. బయలుదేరిన తొలి వంద కిలోమీటర్లలోపు చక్రాల నట్లు మళ్లీ బిగించండి. ఆగిన ప్రతిచోటా చక్రం మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, రెండోవైపు కన్నా బాగా వేడిగా ఉంటే బేరింగ్ పోతున్నట్టు. ఒక సెట్టు బేరింగులు, గ్రీజు వెంట ఉంచుకోండి. బల్లడోనియా, కైగూనా అనే రోడ్‌హౌస్‌ల (దారి పక్క పెట్రోలు, తిండి దొరికే చోట్లు) మధ్య 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు కూడా లేదు, మధ్యలో ఊరూ లేదు, అక్కడ బేరింగ్ పోతే చాలాసేపు కూర్చోవాలి. ఫోన్ సిగ్నల్ కూడా నమ్మడానికి లేదు, శాటిలైట్ ఫోనో, బీకనో (ఆపదలో ఉన్నామని సంకేతం పంపే పరికరం) అద్దెకైనా తీసుకోండి.

ఎదురుగాలికి పెట్రోలు ఖర్చు బాగా పెరుగుతుంది, అందుకని కనబడిన ప్రతి రోడ్‌హౌస్‌లో నింపుకోండి. నీళ్లు మాత్రం మైదానం మొదలవకముందు వచ్చే సెడునా ఊళ్లోనే నింపుకోవాలి, తర్వాత రోడ్‌హౌస్‌లలో మంచినీళ్ల కొరత ఉంటుంది.

వంట విషయంలో ఒకటి మర్చిపోకూడదు. పడమర వైపు వెళ్లేటప్పుడు వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్ర సరిహద్దులో క్వారంటైన్ (పంటల తెగుళ్లు, పురుగులు రాకుండా చేసే) తనిఖీ ఉంటుంది, తాజా పండ్లు, కూరగాయలు, తేనె తీసేసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు సెడునాలో మళ్లీ తనిఖీ. కరివేపాకు రెమ్మ ఉన్నా దాచకుండా చూపించండి, లేదంటే జరిమానా పడుతుంది. కూరగాయలు ముందు రాత్రే వండేసుకుని, ఆవకాయ, కందిపొడి వెంట పెట్టుకుంటే సరిపోతుంది.

రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. అయినా సరే, గ్యాస్ పొయ్యి గానీ నిప్పుల కుంపటి గానీ గుడారం లోపల వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పిల్లలకి ఇంకో దుప్పటి కప్పండి, ఉన్ని టోపీలు పెట్టండి, వేడినీళ్ల సంచులు ఇవ్వండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఒకటి కొని పడుకునే చోటే పెట్టుకోండి, బయలుదేరే ముందే ఇంట్లో నొక్కి మోగుతుందో లేదో చూడండి.