కుంగ్ ఫూ నేర్చుకోవడానికి మంచి పుస్తకాన్ని ఎలా ఎంచుకోవాలి?

కుంగ్ ఫూ అన్న పేరు ఒక్కటే అయినా అది ఒకే విద్య కాదు; చైనాలో వేర్వేరు ప్రాంతాల్లో, వేర్వేరు గురు పరంపరల్లో పెరిగిన అనేక యుద్ధకళా శైలులకు అది ఉమ్మడి పేరు. అందువల్ల పుస్తకం కోసం వెతకడానికి ముందే ఏ శైలి నేర్చుకోదలచామో తేల్చుకోవాలి. అన్ని శైలులనూ రెండు వందల పేజీల్లో నేర్పిస్తానని అట్ట మీద ప్రకటించే పుస్తకాన్ని అక్కడే వదిలేయవచ్చు.

శైలిని తేల్చుకోవడం

మీ ఊళ్ళో మాస్టర్ ఎవరైనా ఉంటే, ఆయన నేర్పే శైలికి చెందిన పుస్తకమే కొనాలి. మాస్టర్ ఒక విధంగా, పుస్తకం మరొక విధంగా కాళ్ళు పెట్టమంటే, కొత్తగా నేర్చుకునేవారికి రెండూ పట్టుబడవు. మాస్టర్ లేనప్పుడు శరీరాన్నీ, ఉన్న చోటునూ బట్టి నిర్ణయించుకోవాలి. ఉత్తర చైనా శైలుల్లో పెద్ద అంగలు, ఎత్తైన తన్నులు, గెంతులు ఎక్కువ కాబట్టి వాటికి విశాలమైన స్థలం కావాలి. దక్షిణాది శైలులైన హుంగ్ గార్, వింగ్ చున్ వంటి వాటిలో గట్టిగా నిలబడటానికీ, చేతుల పనికీ ప్రాధాన్యం ఎక్కువ. అయితే వింగ్ చున్‌లో కీలకమైన ‘చీ సావ్’ సాధన ఇద్దరి ముంజేతులు ఒకదానికొకటి ఆనుకుని ఉండగా జరిగేది. తోడు లేకుండా దానిని ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఒంటరిగా ఇంట్లోనే మొదలుపెట్టేవారికి నేను సూచించేది 24 భంగిమల తాయ్ చీ, అంటే నెమ్మదైన కదలికలతో సాగే చైనా యుద్ధకళ. చైనా క్రీడా సంఘం 1956లో తాయ్ చీ శాఖల్లో ఒకటైన యాంగ్ శైలి ఆధారంగా దీనిని రూపొందించింది. దీని క్రమం ప్రామాణికమైనది కాబట్టి ఒక పుస్తకంలో అర్థం కాని భంగిమను మరొక పుస్తకంలోనో వీడియోలోనో సరిచూసుకోవచ్చు. మొత్తం చేయడానికి ఐదారు నిమిషాలు చాలు. పోటీల్లో పాల్గొనాలన్న లక్ష్యం ఉన్నవారు మాత్రం వుషు, అంటే పోటీ క్రీడగా మలచిన చైనా యుద్ధకళ, పుస్తకాలు చూడాలి. పోటీ నియమాలు మారుతుంటాయి కనుక వాటిలో తాజా ముద్రణే పనికివస్తుంది.

ఒక్క కదలికతో పుస్తకాన్ని పరీక్షించడం

ముందుమాట చదివి పుస్తకం కొనడం కన్నా, మధ్యలో ఏదో ఒక కదలిక ఉన్న పేజీని తెరిచి, దాని వర్ణనను మొదటినుంచి చివరిదాకా చదవడం మేలు. ఏ పాదం ఎటు కదిలింది, బరువు ఏ కాలి మీదికి మారింది, నడుము ఎటు తిరిగింది, చేయి ఏ దారిలో వెళ్ళి ఎక్కడ ఆగింది అన్నవి ఆ వర్ణనలో స్పష్టంగా తెలియాలి. ‘ఎడమ కాలు ముందుకు వేసి కుడి చేత్తో గుద్దండి’ అని చెప్పి ఊరుకున్న పుస్తకం, నేర్చుకోవలసిన అసలు విషయాన్ని పాఠకుడి ఊహకే వదిలేసినట్టు.

ఉదాహరణకు దాదాపు ప్రతి శైలిలోనూ కనిపించే ‘మా బు’ను, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడే భంగిమను తీసుకుందాం. పాదాల మధ్య దూరం ఎంత, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా ఉండాలా, తొడలు ఎంత కిందికి దిగాలి అన్నవి ఎలాగూ చెప్పాలి. వాటితోపాటు మోకాళ్ళు లోపలికి వాలిపోకుండా కాలి వేళ్ళు చూపే దిశలోనే ఉండాలనీ, కొత్తవారు మొదట ఎక్కువ కిందికి దిగకూడదనీ హెచ్చరించిన రచయితను నమ్మవచ్చు. సాధారణంగా జరిగే పొరపాట్లను విడిగా చూపించిన పుస్తకాన్ని నిజంగా శిష్యులకు నేర్పిన మనిషి రాశాడని అనుకోవచ్చు.

ఫొటోల విషయంలో అందం కంటే వరుస ముఖ్యం. ఆరంభ భంగిమ, ముగింపు భంగిమ మాత్రమే ఉంటే మధ్యలో చేయి ఎలా తిరిగిందో తెలియదు. ఫొటోలోని వ్యక్తి మనకు ఎదురుగా నిలబడి ఉంటే అతని కుడి చేయి మనకు ఎడమ వైపు కనిపిస్తుంది కాబట్టి, వెనుక నుంచి తీసిన ఫొటోలు లేదా పాదాల జాడలు చూపే నేల పటం కూడా ఉండటం అవసరం.

రచయితనూ, చెప్పిన చరిత్రనూ చూడటం

రచయిత ఎవరి దగ్గర, ఏ ఊళ్ళో, ఏ శైలి నేర్చుకున్నాడో పుస్తకంలో ఉండాలి. ‘ప్రాచీన రహస్య విద్య’ అని చెప్పి గురువు పేరు దాటవేస్తే అనుమానించాల్సిందే.

మన పాఠకులకు ఇక్కడ ఒక సులువైన కొలబద్ద కూడా ఉంది. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడే చైనాలోని షావోలిన్ మఠం సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడన్న కథ మనకు ఇష్టమైనదే. అయితే ఆయన పేరును వ్యాయామ విద్యతో ముడిపెట్టిన ‘యీజిన్ జింగ్’ గ్రంథం 1624 నాటిదని, అంటే ఆయనకు వెయ్యేళ్ళకు పైగా తర్వాతిదని పరిశోధకులు గుర్తించారు. చైనా చరిత్రకారుడు టాంగ్ హావో 1930లలోనే ఈ కథను ఖండించాడు. దీనిని ఐతిహ్యంగా చెప్పే పుస్తకం మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉండే అవకాశం ఎక్కువ. చరిత్రగా చెప్పినంత మాత్రాన వ్యాయామ పాఠాలు పనికిరావని కాదు గానీ, అటువంటి పుస్తకంలోని మిగతా మాటలను కూడా సరిచూసుకోవాలి.

పక్కన పెట్టవలసినవి

బస్టాండు స్టాళ్ళలో దొరికే పలుచని పుస్తకాల్లో జపాన్ కరాటే దుస్తులు వేసుకున్న బొమ్మల కింద కుంగ్ ఫూ అని రాసి ఉంటే, అది రెండు విద్యలనూ కలగలిపిన సంకలనమై ఉంటుంది. ముప్పై రోజుల్లో బ్లాక్ బెల్ట్ అన్న హామీ కూడా అలాంటిదే, ఎందుకంటే రంగు బెల్టుల పద్ధతి జపాన్ జూడో నుంచి వచ్చినది, సంప్రదాయ కుంగ్ ఫూలో లేనిది. తొలి వారాల్లోనే ఇసుక సంచుల మీద, రాళ్ళ మీద చేతులు కొట్టుకోమనే పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వకూడదు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలున్న ఇంట్లోకి అసలే వద్దు.

కొనేముందు, కొన్నాక

తెలుగులో తగిన పుస్తకం దొరకకపోతే, ఫొటోలు వరుసగా, స్పష్టంగా ఉన్న ఇంగ్లీషు పుస్తకం తీసుకోవడంలో తప్పులేదు. బైండింగ్ కూడా చూడాలి: రెండు చేతులూ సాధనలో ఉన్నప్పుడు పుస్తకం నేల మీద తనంతట తానే తెరిచి ఉండాలి, అక్షరాలు నిలబడి చూసినా కనిపించాలి. ఆన్‌లైన్‌లో కొంటుంటే, ముందుగా చూడటానికి ఇచ్చిన పేజీల్లో ఒక్క కదలిక వర్ణన అయినా ఉంటేనే నిర్ణయం తీసుకోవాలి.

కొన్నాక మొదటి అధ్యాయంలోని రెండు మూడు భంగిమలనే కొన్ని వారాలు సాధన చేసి, పుస్తకంలోని ఫొటో ఏ కోణం నుంచి తీశారో అదే కోణం నుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని పోల్చుకోవాలి. మోకాలిలోనో నడుములోనో నొప్పి వస్తే సాధన ఆపి, తెలిసిన మాస్టర్‌కు ఆ వీడియోనూ, ఆ పేజీనీ కలిపి చూపించాలి. అదే శైలిపై రెండో పుస్తకం కొనే ఆలోచన, మొదటి పుస్తకంలోని ఫామ్‌ను, అంటే కదలికల వరుసను, పేజీ చూడకుండా పూర్తిగా చేయగలిగిన తర్వాత పెట్టుకోవచ్చు.