విండోస్ హంగులు తగ్గించండి, రెండు టిక్కులు మాత్రం వదిలేయకండి

నాలుగు జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తున్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే, కొత్తది కొనే ముందు అది కాస్త చురుగ్గా కదిలేలా తెర మీది నీడలు, కదలికల లాంటి హంగులు తగ్గించి చూడండి, పైసా ఖర్చు లేదు.

స్టార్ట్ మెనూలో ఇంగ్లీషులో పెర్ఫార్మెన్స్ అని టైప్ చేస్తే ‘అడ్జస్ట్ ది అప్పియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్’ అని కనిపిస్తుంది, అది నొక్కండి. వచ్చిన చిన్న విండోలో ‘అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్’ ఎంచుకుంటే కింద ఉన్న టిక్కులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి.

చాలామంది ఇక్కడే అప్లై కొట్టేసి, కాసేపటికి స్క్రీన్ అసహ్యంగా ఉందని మళ్లీ అన్నీ పెట్టేసుకుంటారు. అలా వద్దు. ‘స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్’ దగ్గర టిక్ తిరిగి పెట్టండి, ఇది లేకపోతే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి, ఇంగ్లీషు ఎలాగోలా చదవొచ్చు గానీ తెలుగులో చిన్న సైజు ఒత్తులూ గుణింతాలూ కలిసిపోయి కళ్లు లాగేస్తాయి. రెండోది ‘షో థంబ్‌నెయిల్స్ ఇన్‌స్టెడ్ ఆఫ్ ఐకాన్స్’. అది తీసేస్తే ఫోల్డర్‌లో ఫొటోలన్నీ ఒకే బొమ్మలా కనిపిస్తాయి, వాట్సాప్ నుంచి దించుకున్న వందల ఫొటోల్లో పెళ్లి ఫొటో ఏదో, కరెంటు బిల్లు ఏదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. ఈ రెండూ పెట్టగానే పైన సెట్టింగ్ దానంతటదే కస్టమ్‌కి మారుతుంది, కంగారు పడక్కర్లేదు, అప్లై చేసి ఓకే కొట్టండి.

విండోని లాగేటప్పుడు లోపలి బొమ్మ కదలకుండా ఖాళీ గీత ఒక్కటే కదులుతుంది, మొదట్లో వింతగా ఉంటుంది గానీ నెమ్మది మెషీన్‌కి నా లెక్కలో అదే మేలు. నీడలూ, మెనూలు మెల్లగా తేలుతూ రావడమూ పోతాయి, పోనివ్వండి. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్‌లోకి వెళ్లి ట్రాన్స్‌పరెన్సీ (వెనకున్నది మసగ్గా కనిపించే హంగు) కూడా ఆపేయండి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో ఈ హంగులకీ ఆ ఉన్న ర్యామ్‌లోంచే వాటా పోతుంది కదా. నచ్చకపోతే మొదటి చిన్న విండోలోకే వెళ్లి ‘లెట్ విండోస్ చూజ్’ పెడితే ఆ టిక్కులన్నీ మామూలే.

దీంతో మెనూలు, విండోలు చటుక్కున తెరుచుకుంటాయి. అంతేగానీ క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి పెడితే ఇది ఆదుకోదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి, అందులో డిస్క్ ఎప్పుడు చూసినా నూరు శాతం దగ్గరే ఉందంటే, హార్డ్ డిస్క్ తీయించి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.