లీజియోనెల్లా శిక్షణ: కుళాయి తిప్పే ముందు జాగ్రత్తలు

ప్లంబర్లను, హౌస్‌కీపింగ్ వాళ్లను హోటల్ గదుల్లోకి ప్రాక్టికల్‌కు తీసుకెళ్లే ముందు చూసుకోవలసినవి:

☐ లీజియోనెల్లా అంటే నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ప్రధానంగా నీటి తుంపరలు పీల్చడం వల్ల వస్తుంది. వారం రోజులుగా వాడని షవర్‌ను ఒక్కసారిగా తిప్పొద్దు. షవర్ తల విప్పేసి, పైపు చివర మూల కత్తిరించిన ప్లాస్టిక్ సంచి కట్టి, నీళ్లు నెమ్మదిగా వదలాలి. ఎన్95 మాస్క్ తప్పనిసరి. పొగతాగేవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు ఆ సమయంలో గది బయటే ఉండాలి.

☐ పరీక్షకు నీటి నమూనా తీయాలంటే నీళ్లు వదలకముందే తీయాలి. క్లోరిన్ కలిసిన నీళ్లకు, ఆ క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసిన సీసా కావాలి. లేకపోతే సీసాలోనే బ్యాక్టీరియా చచ్చి, ఫలితం తప్పుగా వస్తుంది.

☐ థర్మామీటర్‌ను కరుగుతున్న ఐసు నీళ్లలో పెడితే 0 చూపాలి.

☐ బ్యాక్టీరియా పెరగకుండా వేడినీటి ట్యాంకులో 60 డిగ్రీలు, కుళాయి దగ్గర నిమిషంలోపు 50 రావాలి. మిక్సింగ్ వాల్వ్ (వేడినీళ్లలో చన్నీళ్లు కలిపేది) ఉంటే దానికి ముందున్న వేడినీటి పైపు మీద కొలవాలి. చాలామంది వాల్వ్ దాటాక కొలిచి, 40 చూసి కంగారు పడతారు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. చేతితో చూడొద్దు.

☐ చన్నీళ్లు 20 డిగ్రీల లోపు ఉండాలన్నది బ్రిటన్ లెక్క. మన ఎండల్లో మేడ మీది నల్ల ట్యాంకుకు అది కుదరని పని. ఇక్కడ ఆధారం క్లోరినే. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పరీక్ష కిట్ గడువు తేదీ చూడండి.

☐ గార తీసే యాసిడ్, బ్లీచింగ్ ఒకే బకెట్లో వద్దు. విషవాయువు వస్తుంది.