సెల్లార్‌లోకి వరద నీరు వచ్చేలోపు కారును కాపాడుకోవడం ఎలా?

వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిందంటే ఆ రాత్రి సెల్లార్‌లో కారు ఉండకూడదు. రెడ్ అలర్ట్ దాకా ఆగడం నాకు నచ్చదు. "మన వీధిలోకి ఎప్పుడూ నీళ్లు రాలేదండీ" అనేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఎన్ని కార్లు మునిగాయో వాళ్లకు ఒకసారి గుర్తు చేయండి.

మొదటి పని, కారును ఎత్తైన చోటుకు చేర్చడం. చెన్నై వేళచ్చేరిలో వాన హెచ్చరిక రాగానే జనం కార్లు తెచ్చి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేస్తారు. నవ్వేవాళ్లు నవ్వనీ, వాళ్లకున్న ముందుచూపు మనకు లేదు. మీ పోలీసులు ఒప్పుకోకపోతే మెరక వీధి చూసుకోండి. చెట్టు కింద, పాత ప్రహరీ గోడ పక్కన మాత్రం పెట్టొద్దు. నానిన గోడ ఎప్పుడు కూలుతుందో చెప్పలేం.

కదిలించే వీలు లేకపోతే పది నంబర్ స్పానర్, టార్చి, రెండు ఇటుకలు తీసుకుని దిగండి. నీళ్లు ఇంకా రాకపోతేనే సుమా. సెల్లార్‌లో మడమలోతు నీళ్లున్నా దిగొద్దు, కరెంటు ప్యానెల్ అక్కడే ఉంటుంది. కారు పోతే పోనీ. అద్దాలు ఎత్తి, కాగితాలు తీసుకుని, ఫస్ట్ గేర్‌లో వేసి, టైర్లకు ఇటుకలు అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, తడికి పట్టేస్తుంది. బానెట్ తెరిచి బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కకు వంచండి. రిమోట్ ఇక పనిచేయదు కాబట్టి డోరును ఇనప తాళంచెవితోనే వేయాలి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లవాళ్లు వైర్ల జోలికి పోకుండా సర్వీస్ సెంటర్‌ను అడగండి.

కారు మొత్తాన్ని జిప్ వేసి మూసే పెద్ద ప్లాస్టిక్ సంచులు అమ్ముతున్నారు. నేను కొనను, మీరూ కొనకండి. రెండడుగుల నీటికే చాలా కార్లు తేలతాయి. సంచిలో ఉన్న కారు తేలుతూ పోయి స్తంభానికి గుద్దుకుంటే సంచి చిరుగుతుంది, బండికి సొట్టా పడుతుంది.

ఇక అసలు గండం నీళ్లు తగ్గాకే. సెల్ఫ్ కొట్టకండి. ఒక్కసారి కూడా కొట్టకండి. ఆగి ఉన్న ఇంజిన్ మునిగినా చాలావరకు బాగుచేయొచ్చు. దాన్ని చంపేది "అవుతుందో లేదో చూద్దాం" అనే ఆత్రమే. ఎయిర్ ఫిల్టర్ దారిలో నీరు సిలిండర్‌లోకి చేరి ఉంటే, సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ దాన్ని నొక్కబోతుంది. గాలైతే నలుగుతుంది, నీరు నలగదు. దాంతో పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆపైన ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

తాళం తిప్పి లైట్లు వెలుగుతున్నాయా అని చూడటం కూడా తప్పే. తడిసిన వైర్లలోకి కరెంటు వెళ్తే ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. విప్పిన మైనస్ వైరు అలాగే ఉండాలి. వాచ్‌మన్, పక్క ఫ్లాట్ అంకుల్ చేరి "తోసి స్టార్ట్ చేద్దాం" అంటారు, ఇంజిన్‌కు అదీ సెల్ఫ్ కొట్టినట్టే. మొహమాటపడకుండా వద్దనండి.

అంతగా తెలుసుకోవాలంటే ఇంజిన్ ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీరు చేరినట్టే. ఆయిల్ బాగుందని సంబరపడొద్దు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి, కాగితం మడతల మధ్య వేలు పెట్టండి. తడి తగిలినా, సన్నటి బురద చార కనిపించినా బానెట్ మూసేయండి. ఆయిల్, ఫిల్టర్ రెండూ బాగున్నా, నీరు సగం టైరు దాటిందంటే మెకానిక్ చూడకుండా స్టార్ట్ చేయకూడదు.

కడిగే ముందు సీట్ల మీద, డోర్ల మీద నీటి గీత కనిపించేలా ఫొటోలు తీసి ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయండి. థర్డ్ పార్టీ పాలసీకి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం వస్తుంది గానీ, సెల్ఫ్ కొట్టి పాడుచేసిన ఇంజిన్‌కు మామూలుగా ఇవ్వరు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి. తాడు కట్టి లాగించొద్దు, నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండే రావాలని గట్టిగా అడగండి.