పంటు మోత నుంచి పాట దాకా: శాంప్లింగ్ నేర్చుకునే క్రమం

నరసాపురం రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే పడవ) ఎక్కి, సఖినేటిపల్లి వైపు గోదావరి పాయ వశిష్ఠను దాటుతూ కాసేపు కళ్లు మూసుకుని నిలబడితే, ఇంజను మోత అడుగున శ్రుతిపెట్టెలా నిలకడగా సాగుతూ ఉంటుంది. దాని మీద ఇనుప రేకుల అదురు, మోటారు సైకిళ్ల చక్రాల కింద చెక్కల చప్పుడు, అంచును తాకే నీటి సవ్వడి వేర్వేరు కాలాల్లో వచ్చి పడుతుంటాయి. ఇలా లోకంలో ఇప్పటికే ఉన్న ధ్వనిని పట్టుకుని, అందులో కావలసిన ముక్కను కోసి, ఆ ముక్కను ఒక వాద్యంలా తిరిగి వాయించడమే శాంప్లింగ్. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది ఇంటర్నెట్టులో దొరికే శాంపిల్ ప్యాకులు (ముందే కోసి పెట్టిన ధ్వని ముక్కలు) దించుకుని పని మొదలుపెడతారు. వారికి సాఫ్ట్‌వేర్ నెలరోజుల్లో పట్టుబడుతుంది గాని, చెవి పట్టుబడదు. ఏ ధ్వనిని ఎందుకు ఎంచుకున్నామో చెప్పలేని స్థితిలోనే ఏళ్లు గడిచిపోతాయి. అందువల్ల ఈ వ్యాసం రికార్డింగుతో మొదలవుతుంది.

ఈ కళకు ఆద్యుల్లో ఒకరైన పియర్ షేఫర్ 1948లో పారిస్‌లో చేసిన తొలి ప్రయోగం కూడా రైలు ఇంజన్ల చప్పుళ్లను డిస్కుల మీదకు ఎక్కించి, వాటితో సంగీతం కూర్చడమే. ఆ పాఠం మనకు రాజమహేంద్రవరంలోనే దొరుకుతుంది. 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన ఇనుప గర్డర్లది. 1997లో వచ్చిన ఆర్చి వంతెన కాంక్రీటుది. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని, రెండింటి మీదా రైళ్లు వెళ్లేటప్పుడు వినండి. ఇనుము మోగుతుంది, కాంక్రీటు మింగుతుంది. ఈ తేడాను మీ మాటల్లో నాలుగు వాక్యాలుగా రాయగలిగిన రోజున రికార్డరు చేతిలోకి తీసుకోవచ్చు.

పట్టుకోవడం

మొదట్లో ఫోను చాలు. అయితే మామూలు వాయిస్ రికార్డరు యాప్‌లు మాటల కోసం తయారైనవి కావడం వల్ల, ధ్వని తగ్గితే తామే పెంచుతాయి, పెరిగితే తామే తగ్గిస్తాయి. ఒక జాతరలో గరగల (తలపై మోసే అమ్మవారి కలశాల) వెంట నడుస్తూ నేను అరగంట సేపు చేసిన మొదటి రికార్డింగు ఇందువల్లనే పూర్తిగా చెడిపోయింది: ప్రతి డప్పు దెబ్బ తరువాత జనం గోల ఉవ్వెత్తున లేచేది, మరో దెబ్బ పడగానే అణిగిపోయేది. ఆటోమేటిక్ గెయిన్‌ను ఆపుకునే వీలు, కుదించని వేవ్ ఫైలుగా దాచుకునే వీలు ఉన్న యాప్‌నే ఎంచుకోవాలి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవకూడదు.

సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. మన చెవి వినగలిగే పై హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్. ఒక కంపనాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే సెకనుకు దానికి రెండింతలకు మించి కొలతలు తీసుకోవాలి కాబట్టి 48 సరిపోతుంది. బిట్ల సంఖ్య మెల్లని ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య ఉండే వ్యవధిని నిర్ణయిస్తుంది: 16 బిట్లకు అది సుమారు 96 డెసిబెల్స్, 24 బిట్లకు లెక్క ప్రకారం సుమారు 144. ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు మీటరు ముల్లు ఎర్రగీత దాకా వెళ్లనక్కర లేదు. అతి పెద్ద దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి (మీటరులో సున్నాయే పై హద్దు). తక్కువగా పడిన ధ్వనిని తరువాత పెంచుకోవచ్చు గాని, పైన తెగిపోయిన అలను ఎవరూ అతికించలేరు.

గోదావరి డెల్టాలో మైకుకు అసలు శత్రువు గాలి. అంతర్వేది ఒడ్డున స్పాంజి తొడుగు ఏ మూలకూ చాలదు. బొచ్చు తొడుగు కావాలి, లేదా ఇంటి గోడ చాటుకు చేరాలి. నీటి ధ్వని కావాలంటే లొల్ల లాకుల వంటి చోటికి వెళ్లండి, కానీ రబీ ముగిశాక కాలువలు కట్టేస్తారని గుర్తుంచుకుని వెళ్లండి. ఎక్కడ రికార్డు చేసినా చివర అర నిమిషం పాటు ఏమీ చేయకుండా ఆ చోటి నిశ్శబ్దాన్ని పట్టుకోవాలి. ముక్కల మధ్య ఖాళీలను పూడ్చడానికి అదే పనికివస్తుంది. ఆపైన చోటు, తేదీ, మైకు ఎంత దూరంలో ఉందో మీ గొంతుతోనే చెప్పండి. రెండేళ్ల తరువాత ఫైలు తెరిచినప్పుడు ఆ నాలుగు మాటల విలువ తెలుస్తుంది.

వాద్యాన్ని రికార్డు చేసేటప్పుడు ముందుగా వాద్యకారుడి మాట వినాలి. డప్పునే తీసుకుంటే, మన తేమగాలికి చర్మం మెత్తబడుతుంది. అందుకే వాయించేవారు దాన్ని మంట దగ్గర కాచుకుంటారు. కాచిన వెంటనే ఉన్న బిగువు కాసేపటికి ఉండదు, శ్రుతి దిగుతుంది. కాబట్టి ఒకే వాద్యంగా వాడదలచిన దెబ్బలన్నీ ఒకే కాపులో పూర్తి చేయాలి. కుడిచేతి చిర్ర దెబ్బ, ఎడమచేతి సన్నపుల్ల దెబ్బ, అంచు దెబ్బ, చేత్తో అదిమి కొట్టిన మూగదెబ్బ, ఇలా ఒక్కొక్క రకాన్ని మెత్తగా మొదలుపెట్టి గట్టిగా అయ్యేదాకా ఎనిమిది సార్లు కొట్టించండి. ప్రతి దెబ్బ మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఆగమని మర్యాదగా అడగండి. ఆగడం వారికి కొత్త, ఎందుకంటే వారి చేయి నడకకు అలవాటు పడినది. అందువల్ల విడి దెబ్బలు అయ్యాక ఆయన ఇష్టం వచ్చినట్టు అయిదు నిమిషాలు వాయించనివ్వండి. నా అనుభవంలో ఎక్కువగా పాటలోకి వచ్చింది ఆ అయిదు నిమిషాలే.

కోయడం, మడవడం

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న చర్చలో కాలం పోగొట్టుకోవద్దు. కోతకు ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. ఫోనులో వాయించడానికి కోలా శాంప్లర్ తేలిక. పూర్తి పాట కట్టడానికి రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్‌లలో ఏదైనా సరే.

కోతలో మొదటి సూత్రం: అల సున్నా గీతను దాటే చోటనే కత్తి పడాలి. అల నడుమ కోస్తే టక్‌మనే చప్పుడు వస్తుంది. రెండు చివరలా రెండు మూడు మిల్లీసెకన్ల ఫేడ్ (ధ్వని మెల్లగా లేవడం, మెల్లగా ఆరడం) ఇస్తే అది కూడా పోతుంది. ముక్క మొదట్లో మిగిలిన పది ఇరవై మిల్లీసెకన్ల నిశ్శబ్దం కంటికి కనిపించదు గాని, ప్యాడ్ (ముక్కను మోగించే మీట) నొక్కిన ప్రతిసారీ దెబ్బను ఆలస్యం చేసి నడకను కుంటిదాన్ని చేస్తుంది. బాగా దగ్గరకు తెచ్చి చూసి తీసివేయాలి.

ఇక్కడ ఒక అభ్యాసం తప్పనిసరి. గుడిగంట ఒక్క దెబ్బను రికార్డు చేసి, మొదటి పదోవంతు సెకనును కోసి పారవేసి వినండి. అది గంటలా వినిపించదు. ఏదో ఊదే వాద్యానికి దగ్గరగా ఉంటుంది. షేఫర్ కనుగొన్నది ఇదే: ధ్వని ఏమిటో చెవికి చెప్పేది చాలావరకు దాని మొదలు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టితే, గంట మొదలును డప్పు తోకకు అతికించడం వంటి పనులు ఎవరూ నేర్పకుండానే చేతికి వస్తాయి.

స్థాయి (స్వరం ఎత్తు) మార్పులో లెక్క సులువు. ఒక సెమిటోన్ (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) పెంచితే వేగం సుమారు 1.0595 రెట్లు అవుతుంది. పన్నెండు పెంచితే రెండింతలై, నిడివి సగానికి పడిపోతుంది. వేగం మారకుండా స్థాయిని, స్థాయి మారకుండా వేగాన్ని మార్చే టైమ్ స్ట్రెచ్ ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. అయితే దెబ్బలకు ఒక రకం, సాగే స్వరాలకు మరొక రకం ఎంచుకోవాలి. తారుమారైతే దెబ్బలు చిట్లిపోతాయి, స్వరాలు వణుకుతాయి.

లూపు అంటే ముక్క చివరను మొదలుకు కలిపే మడత. ఆ మడత అందంగా పడాలంటే ముక్క తాళానికి సరిపడా ఉండాలి. నిమిషానికి 90 దెబ్బల కాలంలో ఒక దెబ్బ 60ని 90తో భాగించగా వచ్చే 0.667 సెకను, ఆదితాళం ఎనిమిది దెబ్బలకు 5.333 సెకన్లు. సాఫ్ట్‌వేర్లు నాలుగు దెబ్బల గడులతోనే తెరుచుకుంటాయి కాబట్టి మనవాళ్లు తెలియకుండానే ప్రతి నడకనూ నాలుగులోకి కుదించేస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మిశ్రచాపు తాళం మూడు, నాలుగుగా విరిగే ఏడు అక్షరాలది. టైమ్ సిగ్నేచర్‌ను ఏడుకు మార్చి, అక్షరానికి ఒక దెబ్బ చొప్పున నిమిషానికి 140 పెడితే ఆవర్తం సరిగ్గా 3 సెకన్లు వస్తుంది. ఆ కొలతకు లూపు కోయండి, నడక విరగదు. డప్పు దెబ్బలను గడి గీతలకు నూరు శాతం అతికించే క్వాంటైజ్ మీటను కూడా ఊరికే నొక్కవద్దు. కాస్త ముందు, కాస్త వెనుక పడే దెబ్బలోనే ఆ చేతి సొగసు ఉంటుంది. సర్దవలసి వస్తే సగానికి మించి సర్దకుండా ఉండడం మంచిది.

స్వరం దగ్గర వచ్చే చిక్కు

పియానోను శాంపిల్ చేసేవారు మూడు నాలుగు స్వరాలకు ఒకటి చొప్పున రికార్డు చేసి, మధ్యలోవాటిని స్థాయి మార్చి నింపుతారు. ఒక్కొక్క స్వరానికి మెత్తని, నడిమి, గట్టి దెబ్బలను పొరలుగా పెట్టి, ఒకే దెబ్బ వరుసగా వినిపించకుండా రెండు మూడు ప్రతులను వంతులవారీగా మోగిస్తారు. డప్పుకూ ఇదే పద్ధతి సరిపోతుంది. వీణకు, సన్నాయికి సరిపోదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణను ఒకసారి శ్రద్ధగా వినండి: అక్కడ స్వరం ఒక మెట్టు మీద నిలబడదు, మెట్టు నుంచి మెట్టుకు జారుతూ, ఊగుతూ వెళుతుంది. తోడిలో గాంధారం ఊగకపోతే తోడి కాదు. ఏడు స్వరాలను విడివిడిగా రికార్డు చేసి కీబోర్డు మీద పరిస్తే మిగిలేది తీగ శబ్దమే, రాగం కాదు.

కాబట్టి మన వాద్యాల దగ్గర స్వరాన్ని కాకుండా సంచారాన్ని శాంపిల్ చేయాలి. ఒకే శ్రుతిలో, ఒకే కాలంలో, ఒక రాగానికి ముప్పయి నలభై చిన్న పలుకులు వాయింపజేసి, ప్రతి పలుకు ఏ స్వరంతో మొదలై ఏ స్వరం మీద నిలిచిందో ఫైలు పేరులోనే రాసుకోండి. ఆ శ్రుతిని కూడా రాయాలి: ఒకటి శ్రుతి అంటే సి, అయిదు శ్రుతి అంటే జి. స్థాయి మార్చవలసి వస్తే రెండు మూడు సెమిటోన్లకు మించవద్దు. పాత పద్ధతిలో వేగంతో పాటు మారిస్తే గమకపు ఊపు కూడా వేగం పుంజుకుంటుంది, స్ట్రెచ్‌తో మారిస్తే ఊపు అంచులు మసకబారుతాయి. అవసరమైతే పాట శ్రుతినే పలుకుకు తగ్గట్టు మార్చుకోవాలి. గొంతు విషయంలో ఫార్మెంట్లను (గొంతుకు దాని గుర్తింపును ఇచ్చే అనునాదాలను) కదలనివ్వని సెట్టింగు వాడకపోతే పెద్దవారి గొంతు పిల్లల గొంతులా మారుతుంది.

మరికొంత లోతుకు

1987లో వచ్చిన ఈము సంస్థ ఎస్‌పి-1200 శాంప్లింగ్ యంత్రంలో మొత్తం సుమారు 10 సెకన్ల ధ్వనికే చోటు ఉండేది. స్థలం ఆదా చేయడానికి నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 చుట్ల వేగంలో తిప్పి ఎక్కించి, లోపల స్థాయిని దించేవారు. 12 బిట్ల గరుకుదనం దీంతో కలిసి ఒక ప్రత్యేకమైన రంగు వచ్చింది. మీరూ ఒక ముక్కను అయిదు సెమిటోన్లు పెంచి, 12 బిట్లకు తగ్గించి, కొత్త ఫైలుగా దాచి, తిరిగి అయిదు దించి చూడండి. ఇలా తయారైనదాన్ని మళ్లీ శాంపిల్ చేయడమే రీశాంప్లింగ్.

గ్రాన్యులర్ పద్ధతిలో ధ్వనిని 10 నుంచి 100 మిల్లీసెకన్ల గింజలుగా పొడి చేసి, ఆ గింజలను ఒకదానిపై ఒకటి చల్లుతారు. లాకుల దగ్గరి నీటి హోరు, పంటు ఇంజను మోత దీనికి చక్కని ముడిసరుకు. రెండు సెకన్ల మోత నుంచి రెండు నిమిషాల పొర తీయవచ్చు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది చోటును శాంపిల్ చేయడం. ఖాళీగా ఉన్న ధాన్యం గోదాములో ఒక మూల బెలూను పగలగొట్టి, మరొక మూల నుంచి దాని మోత ఆరేదాకా రికార్డు చేయండి. ఆ ఫైలును, ఒక చోటి మోతను మరో ధ్వనికి అద్దే కన్వొల్యూషన్ రివర్బ్‌లో పెడితే, గదిలో పాడిన గొంతు ఆ గోదాములో పాడినట్టు వినిపిస్తుంది. గోదాము నిండిన తరువాత మరోసారి చేసి పోల్చండి. బస్తాలు మోతను ఎంతగా తాగేస్తాయో తెలుస్తుంది.

హక్కులు, అనుమతులు

నాలుగు సెకన్ల లోపు వాడుకుంటే అడగనక్కర లేదన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. అటువంటి మినహాయింపు మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో లేదు. అమెరికాలో కూడా 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అనుమతి లేని శాంప్లింగును తప్పుగా తేల్చింది. ఒక పాట రికార్డులో కనీసం రెండు హక్కులు ఉంటాయి: రచనకు, సంగీతానికి ఒకటి, ఆ రికార్డింగుకు మరొకటి. 1847లో మరణించిన త్యాగరాజస్వామి కృతిని ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఆ కృతిని ఒక విద్వాంసుడు పాడగా విడుదలైన రికార్డుకు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు ఉంటుంది. 2016లో కన్నుమూసిన, కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సొంత రచనలకైతే రచన హక్కు 2076 చివరిదాకా నడుస్తుంది.

జానపదుల దగ్గర చట్టం సరిపోదు. గరగల డప్పుకు, గంగిరెద్దు సన్నాయికి, ధనుర్మాసపు హరిదాసు చిడతలకు రచయిత పేరు కాగితం మీద లేకపోవచ్చు గాని, వాయించిన మనిషి మీ ఎదుటే ఉంటారు. దేనికి వాడతారో ముందుగా ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఎంత ఇస్తారో తేల్చి, పాటలో పేరు వేయడం ఆయనకు ఇష్టమో కాదో అడగండి. ఆయన ఒప్పుకున్న మాటను, మీరు ఇచ్చిన మాటను కూడా మొదటి దెబ్బకు ముందే అదే ఫైలులో రికార్డు చేసి, దాని నకలు ఒకటి ఆయన ఫోనుకు పంపండి.