ఇంట్లో సెల్ సిగ్నల్ అందకపోతే ఫిర్యాదు, అప్పీలు చేసే విధానం

దరఖాస్తు రాసే ముందు ఒక సంగతి తేల్చుకోండి. సిగ్నల్ లేనిది మీ ఇంట్లోనా, మీ వీధి మొత్తానికా? ఈ తేడా చెప్పకుండా పెట్టిన ఫిర్యాదుకు "మీ ప్రాంతంలో నెట్‌వర్క్ బాగానే ఉంది" అనే జవాబు వచ్చి, అక్కడితో మూతపడుతుంది.

చూసుకోవడం కష్టం కాదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం (సిగ్నల్‌ను కొలిచే ప్రమాణం) అంకెల్లో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 ప్రాంతంలో ఉంటే బాగున్నట్టే. మైనస్ 110 దాటి ఇంకా కిందికి పోతే మాట తెగిపోతుంటుంది. వంటింట్లో, వీధి అరుగు మీద, డాబా మీద మూడు చోట్లా చూసి స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

డాబా మీద బాగుండి లోపల పడిపోతుంటే కారణం శ్లాబు, గోడలు, రేకులు. ఇంటి చుట్టూ కొబ్బరితోట ఉంటే ఆకులు కూడా కొంత తినేస్తాయి, వానకు తడిస్తే మరికాస్త. దీనికి ఫిర్యాదు పెట్టి లాభం లేదు, టవర్ సిగ్నల్ బదులు ఇంటి వైఫై మీద కాల్స్ వెళ్లే వైఫై కాలింగ్ పెట్టుకోవడం మేలు. జియో, ఎయిర్‌టెల్ సిమ్‌లలో దీనికి అదనపు చార్జీ లేదు, ఫోన్‌లో ఆ సదుపాయం ఉంటే సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మాత్రం ఉండాలి. కోనసీమలో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామానికి 2016లోనే ఇంటింటికీ ఫైబర్ వచ్చింది. ఇప్పుడు గోదావరి డెల్టాలో చాలా ఊళ్లకు ఏదో ఒక కేబుల్ ఉంది. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి దానికో చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోండి.

సిగ్నల్ పెంచుతాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే బూస్టర్లు, రిపీటర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అనుమతి లేకుండా వాటిని ఇంట్లో బిగించడం చట్టవిరుద్ధం. పైగా మీ ఒక్క ఇంటికి సిగ్నల్ లాగబోయి టవర్‌నే గందరగోళపరుస్తాయి, చుట్టుపక్కల వాళ్ల కాల్స్ చెడతాయి. అమ్మేవాడు ఈ మాట చెప్పడు.

వీధిలోనూ సిగ్నల్ లేదంటే ఫిర్యాదు పెట్టాల్సిందే. ముందుగా మీ కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి చేయండి. ఇది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అదే కంపెనీ సిమ్ నుంచి చేయాలి కాబట్టి సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి చేయండి, లేదా కంపెనీ యాప్‌లో నమోదు చేయండి. ఫోన్ పెట్టేసేలోపు డాకెట్ నంబర్, అంటే మీ ఫిర్యాదు నమోదు సంఖ్య, అడిగి తీసుకోండి. ఎస్సెమ్మెస్‌లో కూడా వస్తుంది, దాన్ని డిలీట్ చేయకండి. ఆ నంబర్ లేకపోతే ఇక్కడి నుంచి పై మెట్టు ఎక్కలేరు. కాల్ సెంటర్‌లో "నోట్ చేసుకున్నాం సార్" అన్నంత మాత్రాన ఫిర్యాదు నమోదైనట్టు కాదు.

చెప్పే మాట ఇలా ఉంటే పని జరుగుతుంది: "మాది ఫలానా మండలం, ఫలానా లంక, పిన్‌కోడ్ ఇది. ఫలానా తేదీ వరకు బాగుండేది. అప్పటి నుంచి ఇంట్లో, వీధిలో, డాబా మీద కూడా 4జీ మైనస్ 115 దగ్గరే ఉంటోంది. పక్కింటి వాళ్లకూ ఇంతే. కరెంటు పోయినప్పుడు పూర్తిగా పోతోంది." ఈ చివరి వాక్యం చిన్నదే కానీ ముఖ్యమైంది. కరెంటుతో పాటు సిగ్నల్ పోతోందంటే టవర్ బ్యాటరీలో లోపం ఉండవచ్చు, అది బాగుచేయగలిగిన విషయమే.

మీ ఊళ్లో మొదటి నుంచీ సిగ్నల్ లేకపోతే కంపెనీ కవరేజ్ మ్యాప్ చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం 2జీ, 4జీ, 5జీ ఎక్కడెక్కడ అందుతుందో ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో మ్యాప్ పెట్టాలి. సిగ్నల్ ఉన్నట్టు మ్యాప్‌లో మీ ఊరికి రంగు వేసి ఉంటే ఆ స్క్రీన్‌షాట్‌కు మించిన సాక్ష్యం లేదు. రంగు లేదంటే అక్కడ సేవ ఇస్తున్నామని వాళ్లే చెప్పడం లేదు. అప్పుడది కొత్త టవర్ కోసం విన్నపం అవుతుంది. ఒక్కరు అడిగితే కదలదు, ఊరివాళ్లందరూ సంతకాలు చేసి, పంచాయతీ తీర్మానం జతచేసి పంపడం మంచిది.

198తో పని కాకపోతే, లేదా జవాబు మీకు నచ్చకపోతే, అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ఫిర్యాదు పరిష్కారానికి ఇచ్చిన గడువు ముగిశాక 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి. ఫీజు లేదు. ఈమెయిల్‌లో గానీ పోస్టులో గానీ పంపవచ్చు, చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. డాకెట్ నంబర్, స్క్రీన్‌షాట్లు జతచేయండి. అప్పీలు మీద 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. వినియోగదారుల సంఘం తరఫు సభ్యుడున్న సలహా కమిటీ కూడా దాన్ని చూస్తుంది. చాలామంది ఈ మెట్టు దాకా రారు, కంపెనీలకూ ఆ సంగతి తెలుసు.

అక్కడా తేలకపోతే కేంద్ర టెలికాం శాఖకు వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో రిజిస్టర్ చేసుకుని, టెలికాం శాఖను ఎంచుకుని, పాత డాకెట్, అప్పీలు వివరాలన్నీ ఇవ్వండి. ఆన్‌లైన్ రాకపోతే 1063కి ఫోన్ చేయవచ్చు. నేరుగా ట్రాయ్‌కి రాస్తే ఉపయోగం ఉండదు. విడి విడి ఫిర్యాదులు పరిష్కరించడం దాని పని కాదు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే కుదరదా అని అడుగుతారు. టెలికాం కేంద్రం పరిధిలోది, కంపెనీ సేవ బాగోలేదన్న అర్జీని అక్కడ పరిష్కరించలేరు. కానీ టవర్‌కు స్థలం, పంచాయతీ అనుమతి, కరెంటు కనెక్షన్ దగ్గర పని ఆగిందని తెలిస్తే ఆ అర్జీ తప్పక ఇవ్వండి.

వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. టెలికాం సేవలపై అక్కడ కేసు వేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంత ఓపిక లేకపోతే అదే నంబర్‌తో కంపెనీ మారిపోవచ్చు. పోర్ట్ (PORT) అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబర్ వేసి 1900కి ఎస్సెమ్మెస్ చేస్తే కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన కోడ్ వస్తుంది. అది 4 రోజులే పనిచేస్తుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. ముందుగా మీరు మారాలనుకునే కంపెనీ సిమ్ ఉన్న చుట్టాన్నో పక్కింటివాళ్లనో పిలిచి, మీ వంటింట్లో నిలబెట్టి ఓ కాల్ చేయించి చూడండి.