పాత షెవెల్ కారులో బ్రేక్ బూస్టర్ మార్చుకునే పద్ధతి

1968 నుంచి 1972 వరకు తయారైన షెవర్లే షెవెల్ కార్లలో పవర్ బ్రేకులు అందరికీ రాలేదు. అదనంగా డబ్బు కట్టినవారికే అమర్చి ఇచ్చేవారు. ఆ బ్రేకుల్లో కాలి బలానికి ఇంజిన్ వ్యాక్యూమ్ (గాలి పీల్చేయడం వల్ల ఏర్పడే తక్కువ పీడనం) తోడిచ్చే గుండ్రటి డబ్బానే బూస్టర్ అంటారు. దానిలోని రబ్బరు డయాఫ్రం, అంటే అడ్డుపొర, ఇన్నేళ్ల తరువాత చిరగడం, గట్టిపడడం సహజమే. పెడల్ గట్టిగా మారిందని, ఎంత తొక్కినా బండి ఆగడం లేదని అనిపించినప్పుడు చాలామంది ముందుగా బూస్టర్‌నే అనుమానించి కొత్తది కొనేస్తారు. అయితే అదే లక్షణాలు పగిలిన వ్యాక్యూమ్ హోస్ వల్ల, గాలిని ఒకే దిశలో పోనిచ్చే చెక్ వాల్వ్ పాడవడం వల్ల, అరిగిన ఇంజిన్ వల్ల కూడా కనిపిస్తాయి కాబట్టి, పానా చేతపట్టే ముందు పరీక్షలు పూర్తి చేయడం తప్పనిసరి.

బూస్టర్ పనిచేసే తీరు తెలిస్తే పరీక్షలు సులభంగా అర్థమవుతాయి. డయాఫ్రం ముందువైపు గదిలో ఇంజిన్ నుంచి వచ్చే వ్యాక్యూమ్ ఎప్పుడూ ఉంటుంది. పెడల్ తొక్కగానే వెనకవైపు గదిలోకి బయటిగాలి ప్రవేశించి డయాఫ్రంను ముందుకు నెడుతుంది, ఆ ఒత్తిడి పుష్‌రాడ్ అనే కడ్డీ ద్వారా, బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు చేరుతుంది. 9 అంగుళాల వ్యాసం ఉన్న డయాఫ్రం మీద 18 అంగుళాల పాదరసానికి సమానమైన వ్యాక్యూమ్ పనిచేస్తే, లెక్క ప్రకారం సుమారు 560 పౌండ్ల బలం, అంటే 250 కిలోలకు పైగా, కాలి బలానికి తోడవుతుంది. ఆ తోడు లేనప్పుడు పెడల్ ఎందుకు అంత బరువుగా ఉంటుందో ఈ అంకే చెబుతుంది.

మొదటి పరీక్షకు ఇంజిన్ ఆపి ఉండాలి. లోపల మిగిలిన వ్యాక్యూమ్ ఖర్చయ్యేదాకా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, చివరిసారి కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. బూస్టర్ బాగుంటే పెడల్ కాలి కింద కొద్దిగా లోపలికి దిగుతుంది. రెండో పరీక్షలో, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ నొక్కి, అలాగే పట్టుకొని ఇంజిన్ ఆపి, అర నిమిషం గమనించాలి. పెడల్ పైకి లేస్తూ కాలిని వెనక్కు నెడుతుంటే వ్యాక్యూమ్ ఎక్కడో కారుతోందని అర్థం. పెడల్ తొక్కినప్పుడల్లా డ్యాష్‌బోర్డ్ కింద బుస్సుమనే శబ్దం ఆగకుండా వస్తూ ఐడ్లింగ్ తడబడుతుంటే డయాఫ్రం చిరిగి ఉండే అవకాశం ఎక్కువ.

అప్పుడు కూడా బూస్టర్‌ను వెంటనే విప్పకూడదు. హోస్‌ను బూస్టర్ దగ్గర ఊడదీసి గేజ్ తగిలించి, ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ ఎంత వస్తోందో చూడాలి. ఫ్యాక్టరీలో వేసిన స్టాక్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే ఇరుసు) ఉన్న ఆరోగ్యకరమైన ఇంజిన్ మామూలుగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం మధ్య చూపుతుంది. రేసింగ్ క్యామ్ వేయించిన ఇంజిన్లలో ఇది బాగా పడిపోతుంది. అలాంటి కారుకు ఎన్ని కొత్త బూస్టర్లు వేసినా ఫలితం ఉండదు, వ్యాక్యూమ్ పంపు వంటి వేరే ఏర్పాటు చేసుకోవాలి. హోస్ నేరుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల భాగం) నుంచి రావాలి, బ్రేక్ బూస్టర్ కోసం తయారుచేసినదే అయి ఉండాలి, ఎందుకంటే మామూలు రబ్బరు గొట్టం వేడికి మెత్తబడి లోపలికి చప్పిడిగా అతుక్కుపోతుంది. చెక్ వాల్వ్‌ను నోటితో ఊది చూస్తే గాలి ఒకే దిశలో పోవాలి.

బూస్టర్ దోషమే అని తేలాక, కారు తన అసలు రూపంలో ఉండాలనుకునేవారు పాతదాన్నే ఆ పనిలో అనుభవమున్న వర్క్‌షాపుకు పంపి రీబిల్డ్ చేయించుకోవడం మేలని నా అభిప్రాయం. ఇంట్లో మాత్రం దాన్ని విప్పవద్దు. రెండు రేకు డిప్పల మధ్య బలమైన స్ప్రింగ్ నొక్కుకొని ఉంటుంది, అది ఒక్కసారిగా విడిపడితే ముఖానికి దెబ్బ తగలవచ్చు. కొత్తది కొనేటప్పుడు వ్యాసంతోపాటు పుష్‌రాడ్ పొడవును, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌లోని గుంట లోతును కూడా సరిపోల్చాలి. మాన్యువల్ బ్రేకుల సిలిండర్‌లో ఆ గుంట లోతుగా, పవర్ బ్రేకుల సిలిండర్‌లో తక్కువ లోతుగా ఉండడం జనరల్ మోటార్స్ కార్లలో మామూలు.

విప్పే పని చల్లారిన ఇంజిన్ మీద, బ్యాటరీ నెగటివ్ తీసేసి మొదలుపెట్టాలి. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది కనుక ఫెండర్ మీద మందపాటి గుడ్డ కప్పి, పక్కనే బకెట్ నీళ్లు ఉంచుకోవాలి. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లతో కడగాలి. మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లు తీశాక, స్టీల్ పైపులు విప్పకుండానే సిలిండర్‌ను మెల్లగా ముందుకు జరపడం చాలాసార్లు సాధ్యమవుతుంది. పైపు ఎక్కడా మడత పడకూడదు. జాగా చాలకపోతే, నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్‌తోనే పైపులు విప్పాలి, మామూలు స్పానర్ నట్టు అంచులను గుండ్రంగా చేసేస్తుంది. సిలిండర్ జరపగానే దాని వెనకభాగాన్ని టార్చ్ వేసి చూడాలి: అక్కడ తడి కనిపిస్తే వెనక సీలు కారి ఆయిల్ బూస్టర్‌లోకి చేరుతోందన్నమాట. డయాఫ్రం పాడైంది అందువల్లే కావచ్చు, కాబట్టి మాస్టర్ సిలిండర్‌ను కూడా మార్చనిదే కొత్త బూస్టర్ బిగించవద్దు.

తరువాత డ్యాష్‌బోర్డ్ కిందికి వెళ్లి, పెడల్‌కు బూస్టర్ వెనక పుష్‌రాడ్‌ను కలిపే పిన్ క్లిప్ తీసి, బూస్టర్‌ను ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉన్న రేకు గోడకు) పట్టి ఉంచే నట్లు విప్పాలి. ఈ పెడల్ చేతికి రెండు రంధ్రాలు ఉంటాయి. పైది మాన్యువల్ బ్రేకులకు, కిందిది పవర్ బ్రేకులకు. విప్పే ముందే ఫోటో తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఎవరో ఎప్పుడో తప్పు రంధ్రంలో పెట్టి ఉండవచ్చు, అలా ఉంటే పుష్‌రాడ్ ఏటవాలుగా నెట్టి బూస్టర్ వాల్వ్‌ను అరగదీస్తుంది. బూస్టర్ వెనక ఉన్న బ్రాకెట్లను ఏది పైన ఏది కింద అని గుర్తు పెట్టుకొని కొత్తదానికి అలాగే బిగించాలి.

ఇక ఈ పనిలో అన్నింటికన్నా ఎక్కువ ఓపిక పెట్టవలసిన చోటు, బూస్టర్ ముందు పుష్‌రాడ్‌కు, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కు మధ్య ఉండవలసిన సందు. అది సుమారు 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు. సందు ఎక్కువైతే పెడల్ కొంతదూరం ఊరికే దిగాక గాని బ్రేకు పట్టదు. సందు అసలు లేకపోతే అంతకన్నా పెద్ద ప్రమాదం: పిస్టన్ పూర్తిగా వెనక్కు రాలేక, దాని రబ్బరు కప్పు సిలిండర్‌లోని చిన్న రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. బ్రేకులు వేడెక్కి ఆయిల్ వ్యాకోచించినప్పుడు అది ఆ రంధ్రం గుండా పైనున్న డబ్బాలోకి తిరిగి పోలేదు. పీడనం పేరుకొని, ఎవరూ తొక్కకుండానే చక్రాలు పట్టేసుకుంటాయి. వేడి ఇంకా పెరుగుతుంది, పట్టు ఇంకా బిగుస్తుంది.

ఈ సందును కొలవడానికి పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే చాలు. పిస్టన్ గుంట అడుగున చిన్న ఉండ పెట్టి, సిలిండర్‌ను బూస్టర్‌కు అదుముకొని నట్లు చేతితో బిగించి, పెడల్ తొక్కకుండా తిరిగి తీయాలి. నలిగిన క్లే మందాన్ని వెర్నియర్‌తో కొలిస్తే ఉన్న సందు తెలుస్తుంది. క్లే పూర్తిగా చీలి లోహం కనిపిస్తే రాడ్ పొడవైందని అర్థం. రాడ్ చివర మర తిప్పే వీలుంటే కొద్దికొద్దిగా సర్దుతూ మళ్లీ మళ్లీ కొలవాలి. బూస్టర్‌తో వచ్చిన కాగితంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించాలి.

సందు కుదిరాక నట్లన్నీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించి, వ్యాక్యూమ్ హోస్‌ను కొత్త క్లిప్‌తో తగిలించాలి. చెక్ వాల్వ్ దూర్చే రబ్బరు వాషర్ కూడా కొత్తదే వాడాలి. పైపులు విప్పి ఉంటే వాటిలో చేరిన ఎయిర్ తీయాలి: ముందు కుడి వెనక చక్రం, తరువాత ఎడమ వెనక, కుడి ముందు, చివరికి ఎడమ ముందు చక్రం. కొత్త మాస్టర్ సిలిండర్ అయితే కారుకు బిగించే ముందే బల్ల మీద వైస్‌లో పట్టించి దాని గాలి తీసేయాలి.

మొదట చెప్పిన రెండు పరీక్షలను మళ్లీ చేయాలి. బ్రేకు లైట్లు వెలిగి ఆరుతున్నాయో లేదో వెనక మరొకరిని నిలబెట్టి చూడాలి. కారును జాక్ స్టాండ్ల మీద నిలిపి పెడల్ తొక్కి వదిలాక ప్రతి చక్రమూ చేతితో తిరగాలి. ఆ తరువాతే ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి, కొన్ని కిలోమీటర్లు పోయాక ఆపి, చక్రాల దగ్గర అరచేయి తాకించకుండా చూపాలి. ఏదైనా చక్రం మిగతావాటికన్నా ఎక్కువ వేడి చిమ్ముతుంటే దాని బ్రేకును చూడాలి. నాలుగూ ఒకేలా కాలిపోతుంటే మాస్టర్ సిలిండర్ దించి పుష్‌రాడ్ సందును తిరిగి కొలవాలి.